ఉన్న సంస్థను బాగుచేయడమా, విడిచిపెట్టి కొత్తది కట్టుకోవడమా?

పునాదిరాయి:
నమస్కారం. ఒక విద్యా సహాయ సంఘంలో నేను చాలా ఏళ్లుగా సభ్యుడిని. చదువుకునే స్తోమత లేని పిల్లలకు ఏటా ఉపకార వేతనాలు ఇవ్వడం, ఒక చిన్న గ్రంథాలయాన్ని నడపడం ఆ సంఘం పని. ఆ పని నిష్ఠగా సాగిన రోజులు నేను చూశాను. ఇప్పుడు కార్యవర్గం ఒకే బృందం చేతిలో ఉండిపోయింది. ఎన్నికలు కాగితం మీదే జరుగుతున్నాయి, లెక్కలు అడిగినవారికి వచ్చే సమావేశంలో చూద్దామన్న జవాబు వస్తున్నది, కొత్తగా సభ్యత్వం కోరిన యువకుల దరఖాస్తులు నెలల తరబడి కదలడం లేదు. డబ్బు తిన్నారని నేను అనడం లేదు, అందుకు నా దగ్గర ఆధారం లేదు. పిల్లల కోసం పుట్టిన సంఘం నడిపేవారి హోదా కోసం నడుస్తున్నదని మాత్రం చెప్పగలను.

మాలో కొందరు రాజీనామా చేసి వేరే సంఘం నమోదు చేయిద్దామంటున్నారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా అని మరికొందరు అడుగుతున్నారు. నాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తున్నది. మా సంఘం సంగతి ఒక సాకు మాత్రమే. చెడిన సంస్థలను బాగుచేసిన సందర్భాలు, పూర్తిగా తీసేసి మొదటి నుంచి కట్టిన సందర్భాలు చరిత్రలో ఎలా పరిణమించాయో తెలిసినవారు చెబితే వినాలని ఉంది.

కందిరీగ:
పునాదిరాయి గారూ, సంస్థ చెడిందంటే మనం ముందుగా దాని నియమావళిని తిరగేస్తాం. చెడేది నియమావళి కాదు, అందులోని మనుషులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే అలవాటు. జార్జియా దేశాన్ని చూడండి. 2003 చివరిలో వచ్చిన గులాబీ విప్లవం తరువాత అధికారం చేపట్టిన మిఖాయిల్ సాకష్విలి ప్రభుత్వం, మరుసటి ఏడు ట్రాఫిక్ పోలీసు విభాగాన్ని మొత్తంగా రద్దు చేసి, పదిహేను వేల మందికి పైగా సిబ్బందిని ఒకేసారి ఇంటికి పంపింది. దారిన పోయే బండినల్లా ఆపి డబ్బు గుంజడం ఆ విభాగానికి జీవనాధారమైపోయింది. వసూలైనదానిలో పైవాడికి వాటా ముట్టాలి కనుక నిజాయితీగా ఉండదలచిన కానిస్టేబులుకు అక్కడ చోటే లేదు. అటువంటి విభాగంలోకి ఏటా వందమంది యోగ్యులను చేర్చుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి ఆ వందమందీ పాతవారిలాగే తయారయ్యేవారు. కొత్తగా ఏర్పరచిన గస్తీ దళానికి కొత్త నియామకాలు జరిపి, కొత్త శిక్షణ ఇచ్చి, జీతాలు అనేక రెట్లు పెంచారు. రోడ్డు మీద చేయి చాపడం చాలావరకు ఆగిపోయింది. కుక్కతోకకు గొట్టం కట్టే ఓపిక ఉన్నవారు కట్టుకోవచ్చు, మీకు ఆ ఓపిక అక్కరలేదని నా అభిప్రాయం.

లెక్కలమాస్టారు:
కందిరీగ గారు చెప్పిన ఉదాహరణ నిజమే కాని, దాని పక్కనే మరొకటి పెట్టి చూడాలి. జార్జియాలో ఆ ప్రయోగం జరగడానికి ఒక ఏడాది ముందు, 2003 మేలో, ఇరాక్‌లో అమెరికా ఆక్రమణ పాలనాధికారిగా వచ్చిన పాల్ బ్రెమర్ ఒకే వారం తేడాతో రెండు ఉత్తర్వులు ఇచ్చారు. 16వ తేదీన ఇచ్చిన మొదటి ఉత్తర్వు సద్దాం హుస్సేన్ పాలక పక్షమైన బాత్ పార్టీ పై అంచెల్లో ఉన్నవారిని ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగించింది. 23న ఇచ్చిన రెండవది సైన్యాన్నే రద్దు చేసింది. పార్టీ సభ్యత్వం లేకపోతే పదోన్నతి రాని వ్యవస్థలో సభ్యులైన ఉపాధ్యాయులు, ఇంజనీర్లు మొదటి దెబ్బకు పోయారు. ఆయుధం పట్టడం తప్ప మరో వృత్తి ఎరుగని లక్షలమంది జీతం, గౌరవం రెండూ పోగొట్టుకుని వీధిలో నిలబడ్డారు. సైనికులకు భృతి ఇస్తామన్న ప్రకటన వచ్చేసరికి నెల గడిచింది. ఆ నెలలో ఏర్పడిన కక్షను ఏ భృతీ చల్లార్చలేదు.

రెండు చోట్లా చేసినది ఒకే పని, ఫలితం మాత్రం వేరు. నాకు తోచిన కారణం ఇది. ట్రాఫిక్ పోలీసు కొన్నాళ్లు రోడ్డు మీద లేకపోతే ప్రజలకు నష్టం స్వల్పం, అక్కడైతే ఉపశమనం కూడా. సైన్యమూ బడులూ విద్యుత్ కేంద్రాలూ ఒక్క నెల మనుషులు లేకుండా ఉండలేవు. కాబట్టి సంస్థ ఎంత చెడిందన్నది ఒక్కటే కాక, అది లేని రోజుల్లో దాని పని ఎవరు చేస్తారన్నది కూడా అడగాలి. పునాదిరాయి గారి సంఘం విషయంలో ఈ ప్రశ్నకు అర్థం ఒకటే. ఈ ఏడు ఫీజు కట్టవలసిన విద్యార్థికి డబ్బు ఎవరిస్తారు?

మరొక్క మాట. జార్జియాలో పోలీసును శుభ్రం చేసిన ఆ ప్రభుత్వమే 2012 సెప్టెంబరులో జైళ్లలో ఖైదీలను హింసించిన దృశ్యాలు బయటపడి, మరుసటి నెల ఎన్నికల్లో ఓడిపోయింది. కొత్తది కట్టినవారిపై కాపలా ఎవరన్న సంగతి కొత్తదనంతోనే తీరిపోదు.

అక్షరయాత్రి:
నేను సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాను. మా వృత్తిలో ఈ వివాదం రోజూ ఉంటుంది, దానికి మేము చెప్పుకునే కథ నెట్‌స్కేప్ కథ. ఒకప్పుడు ఇంటర్నెట్ పేజీలు చూపించే బ్రౌజర్ అంటే అదే. 1997లో నాలుగవ వెర్షన్ వచ్చింది. 1998లో తమ కోడ్‌ను అందరికీ తెరిచి, ఆ ఏడాది చివరికి పాతదాన్ని పక్కనపెట్టి, పేజీలను తెరపై చూపే కొత్త ఇంజన్‌పై మొదటి నుంచి రాద్దామని నిర్ణయించుకున్నారు. అయిదవ వెర్షన్ రానేలేదు, ఆరవది 2000 నవంబరులో వచ్చింది. ఆ మధ్యకాలంలో ప్రత్యర్థి అయిన మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ను దాదాపు సొంతం చేసుకుంది.

పాత కోడ్ చూడగానే ప్రతివాడికీ చీదర పుడుతుంది. ఒక చిన్న పని చేయవలసిన చోట నలభై వరుసలు ఉంటాయి. ఆ నలభైలో ముప్పై అయిదు, ఏదో ఒక యంత్రంలో ఎప్పుడో ఎదురైన ఒక తప్పును దిద్దడానికి ఎవరో రాత్రి మేలుకుని రాసినవి. మొత్తం తీసేసి రాసిన కొత్తవాడు ఆ తప్పులన్నిటినీ మళ్లీ ఒక్కొక్కటిగా కనుక్కోవలసి ఉంటుంది. సంఘాల నియమావళి కూడా అంతేనని నా అనుమానం. అర్థంపర్థం లేనట్టు కనిపించే ప్రతి నిబంధన వెనుక ఎప్పుడో ఒక తగాదా జరిగి ఉంటుంది. కోశాధికారి, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేస్తేనే చెక్కు చెల్లాలన్న నియమం ఊరికే పుట్టదు కదా.

అయితే కథ అక్కడితో అయిపోలేదు, ఈ భాగాన్ని మావాళ్లు సాధారణంగా చెప్పరు. ఆ కొత్త ఇంజన్ మీదే 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వచ్చి, గుత్తాధిపత్యాన్ని కదిలించింది. కంపెనీ బతకలేదు, పని బతికింది. సంఘం బతకాలా, సంఘం చేసే పని బతకాలా అన్నది పునాదిరాయి గారు ముందుగా తేల్చుకోవాలి.

విచారి:
ఈ చర్చ రెండే దారులున్నట్టు సాగుతున్నది. ఉత్తర ఐర్లండ్ పోలీసు విషయంలో జరిగినది ఈ రెండిటిలో ఏదో నిర్ణయించడం కష్టం. అక్కడి రాయల్ అల్స్టర్ కాన్స్టాబ్యులరీ అంటే కాథలిక్కులకు అపనమ్మకం. సిబ్బందిలో వారు నూటికి ఎనిమిది మంది మాత్రమే ఉండేవారు. 1998 శాంతి ఒప్పందం తరువాత క్రిస్ పాటెన్ నాయకత్వంలోని కమిషన్ 1999 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. రద్దు చేయమని ఒక పక్షం, ముట్టుకోవద్దని మరొక పక్షం కోరుతుండగా, కమిషన్ పేరు మార్చమంది, చిహ్నం మార్చమంది, పర్యవేక్షణకు అన్ని పక్షాలతో ఒక బోర్డు పెట్టమంది, కొత్త నియామకాల్లో సగం కాథలిక్కులకు, సగం ఇతరులకు ఇవ్వమంది. పాతవారిలో విరమించుకోదలచినవారికి మంచి పరిహారం చూపించి సాగనంపారు. 2001 నవంబరులో కొత్త పేరుతో దళం మొదలైంది, సగం సగం నియమం 2011 వరకు నడిచింది, అప్పటికి కాథలిక్కుల వాటా సుమారు ముప్పై శాతానికి చేరింది.

దీన్ని సంస్కరణ అందామా, పునర్నిర్మాణం అందామా? ఏ రోజూ పోలీసు పని ఆగలేదు. అయినా పదేళ్లు గడిచేసరికి లోపలి మనుషుల కూర్పు వేరు. పాతవారిని అవమానించకుండా పంపే ఏర్పాటు ఉండటం ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తున్నది. లెక్కలమాస్టారు చెప్పిన ఇరాక్ ఉదంతంలో లోపించినది సరిగ్గా అదే.

కందిరీగ:
విచారి గారి ఉదాహరణలో పై నుంచి ఒక ప్రభుత్వం, ఒక అంతర్జాతీయ ఒప్పందం, ఖర్చుకు ఖజానా ఉన్నాయి. పునాదిరాయి గారికి ఏముంది? సంస్కరణ తీర్మానం నెగ్గాలంటే సంస్కరణ వల్ల నష్టపోయేవారే చేయి ఎత్తాలి. ఈ ముడి విప్పకుండా ఎన్ని ఉదాహరణలు చెప్పినా వృథా.

సాక్షిసంతకం:
చిన్న ప్రశ్న. మీ నియమావళి ప్రకారం ప్రత్యేక సర్వసభ్య సమావేశం కోరే హక్కు ఎంతమంది సభ్యులకు ఉంది? సంఘం రద్దయితే ఆస్తి ఎవరికి చెందాలని రాసి ఉంది?

పునాదిరాయి:
సాక్షిసంతకం గారూ, మొత్తం సభ్యుల్లో అయిదింట ఒక వంతు సంతకాలు చేస్తే కార్యదర్శి సమావేశం పిలిచి తీరాలి. చిక్కేమిటంటే సభ్యుల జాబితా మాకు చూపించడం లేదు కనుక, అయిదింట ఒక వంతు అంటే ఎందరో మాకు తెలియదు. సంఘం రద్దయితే ఆస్తి అటువంటి ఆశయాలే ఉన్న మరొక సంస్థకు పోవాలి, సభ్యులు పంచుకోకూడదు. గ్రంథాలయ భవనం, శాశ్వత నిధి రెండూ సంఘం పేరనే ఉన్నాయి. బయటికి వెళ్తే ఉత్త చేతులతో వెళ్లాలి.

నడిమివాకిలి:
పెద్ద రాజకీయ ఉదాహరణలు చాలా వచ్చాయి. నేను కొలతల గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఒకే విప్లవం, ఒకే తరం మేధావులు, ఒకే ఉత్సాహంతో రెండు వ్యవస్థలను మొదటి నుంచి కట్టగా ఒకటి ప్రపంచమంతా వ్యాపించి, మరొకటి పన్నెండేళ్లకే పోయింది. ఇంతకంటే చక్కని పోలిక నాకు దొరకలేదు.

ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793 అక్టోబరులో కొత్త పంచాంగాన్ని ప్రవేశపెట్టింది. నెలకు మూడు దశకాలు, దశకానికి పది రోజులు, అంటే ఏడింటికి ఒకసారి వచ్చే విశ్రాంతి దినం పదింటికి ఒకసారి వస్తుంది. రోజును పది గంటలుగా, గంటను వంద నిమిషాలుగా కూడా విభజించారు. 1795 ఏప్రిల్ 7న మీటరు, గ్రాము, లీటరు పేర్లను స్థిరపరచిన చట్టం వచ్చింది. పది గంటల రోజును తప్పనిసరిగా పాటించాలన్న నిబంధనను నిలిపివేసింది కూడా ఆ చట్టమే కావడం ఒక వింత. ఒక చేత్తో కట్టి, ఒక చేత్తో విప్పారు. పంచాంగం 1806 జనవరి 1తో పూర్తిగా రద్దయి పాతదే తిరిగి వచ్చింది.

ఎందుకు ఇలా జరిగింది? విప్లవానికి ముందు ఫ్రాన్స్‌లో కొలతలు ప్రాంతానికొక తీరుగా ఉండేవి. ఒకే పేరున్న కొలత ఒక చోట ఒక పరిమాణం, మరొక చోట వేరొకటి. దీనివల్ల రైతు మోసపోయేవాడు, వర్తకుడు లెక్కలు తిరగరాసుకునేవాడు. అందరూ పాటించే పాత వ్యవస్థ అంటూ ఒకటి లేదు కనుక, మీటరు వచ్చి కూలగొట్టినది పెద్దగా ఏమీ లేదు. పంచాంగం సంగతి అలా కాదు. ఏడు రోజుల వారం దేశమంతటా ఒకటే, సరిహద్దుకు అవతలా అదే. చర్చి, సంత, కూలి, అప్పు గడువు అన్నీ దాని మీద అల్లుకుని ఉన్నాయి. బాగా పనిచేస్తున్నదాన్ని, అందులోనూ శ్రామికుడి సెలవును తగ్గిస్తూ తీసేశారు.

ఇక్కడ మీటరును విజేతగా ఊరేగించే ముందు మరొక సంగతి చెప్పాలి. అది కూడా సునాయాసంగా నెగ్గలేదు. 1812లో నెపోలియన్ ప్రభుత్వం పాత పేర్లతో, మీటరుకు ముడిపెట్టిన రాజీ కొలతలను చిల్లర వ్యాపారంలో అనుమతించింది. మీటరు పద్ధతి మాత్రమే చెల్లుబాటు కావడం 1840 జనవరి 1 నుంచి. చట్టం వచ్చిన నాటి నుంచి లెక్కిస్తే నలభై అయిదేళ్లకు చేరువ. మొదటి నుంచి కట్టడమంటే త్వరగా కట్టడమని అనుకునేవారు ఈ లెక్క గుర్తుంచుకోవడం మంచిది.

పునాదిరాయి గారూ, మీ సంఘంలో ఏది పంచాంగం, ఏది కొలతలు అన్నది మీరే చెప్పగలరు. గ్రంథాలయం సక్రమంగా నడుస్తూ ఉంటే దానిని ముట్టుకోకండి. విద్యార్థుల ఎంపికకు పద్ధతే లేకపోతే అది మొదటి నుంచి రాయదగినది.

లెక్కలమాస్టారు:
నడిమివాకిలి గారి పోలిక బాగుంది. దానికి చిలీ అనుభవాన్ని జోడిస్తాను. అక్కడి రాజ్యాంగం 1980లో పినోచే నియంతృత్వంలో వచ్చింది, 1989లోనూ 2005లోనూ పెద్ద సవరణలు జరిగినా పుట్టుక మచ్చ పోలేదు. కొత్త రాజ్యాంగం కావాలా అని 2020 అక్టోబరులో అడిగితే ఓటేసినవారిలో నూటికి డెబ్బై ఎనిమిది మంది కావాలన్నారు. ఆ తరువాత ఎన్నికైన సభ ఒక ముసాయిదా రాస్తే 2022 సెప్టెంబరులో నూటికి అరవై రెండు మంది తిరస్కరించారు. వేరొక సభ, ఈసారి కుడిపక్షాల (రైటిస్టుల) మొగ్గుతో, మరొకటి రాస్తే 2023 డిసెంబరులో దానినీ సుమారు యాభై ఆరు శాతం తిరస్కరించారు. ఎవరికీ నచ్చని పాత రాజ్యాంగమే నడుస్తున్నది. కార్యవర్గం వద్దనడంలో మీ మిత్రులందరూ ఏకమై ఉండవచ్చు. కొత్త సంఘం నియమావళి రాయడానికి కూర్చున్న రోజున ఎందరు మిగులుతారో ఇప్పుడే ఒకసారి ప్రయత్నించి చూడండి, కాగితం తప్ప ఖర్చు లేదు.

సాక్షిసంతకం:
ఇంతవరకు వచ్చిన ఉదాహరణల్లో కూల్చిన తరువాత కట్టినవి, కూల్చకుండా దిద్దినవి ఉన్నాయి. పాతది నిలబడి ఉండగానే పక్కన కొత్తది కట్టి, సామాను మార్చుకున్న ఉదాహరణ నానాజాతి సమితిది. ఐక్యరాజ్యసమితి నియమపత్రం 1945 అక్టోబరు 24న అమలులోకి వచ్చింది. నానాజాతి సమితి చివరి సభ జెనీవాలో జరిగి దానికదే రద్దు తీర్మానం చేసుకున్నది 1946 ఏప్రిల్‌లో. మధ్య ఆ కొన్ని నెలలు రెండూ ఉన్నాయి. భవనమూ ఆస్తులూ కొత్త సంస్థకు బదిలీ అయ్యాయి. 1919 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ పేరు కూడా మారకుండా కొనసాగింది. పాత అంతర్జాతీయ న్యాయస్థానం శాసనాన్నే చాలావరకు కొత్త న్యాయస్థానానికి ఆధారం చేసుకున్నారు. మొదటి నుంచి మొదలుపెట్టామని ప్రపంచానికి చెప్పారు, పనికివచ్చేదాన్నంతా చంకన పెట్టుకుని వెళ్లారు.

భారత రాజ్యాంగం ఇంతకంటే నిక్కచ్చిగా ఈ పని చేసింది. 395వ అధికరణ 1935 నాటి భారత ప్రభుత్వ చట్టాన్ని, 1947 నాటి స్వాతంత్ర్య చట్టాన్ని రద్దు చేస్తుంది. అంటే రాజ్యాంగం తన అధికారం బ్రిటిష్ పార్లమెంటు నుంచి రాలేదని చెప్పి, ఆ బొడ్డుతాడును తానే కోసుకున్నది. 372వ అధికరణ అప్పటివరకు అమలులో ఉన్న చట్టాలన్నీ, మార్చేదాకా లేదా రద్దు చేసేదాకా అలాగే కొనసాగుతాయంటుంది. అధికారానికి మూలం కొత్తది, రోజువారీ యంత్రాంగం పాతది. దీనికి మూల్యం కూడా చెల్లించామనుకోండి, వలస పాలన కోసం రాసిన శిక్షాస్మృతి 2024 జూలై 1 దాకా మన న్యాయస్థానాల్లో నడిచింది.

కందిరీగ:
సాక్షిసంతకం గారు నా మాటనే మర్యాదగా చెప్పారని అనుకుంటాను. పక్కన కొత్తది లేస్తున్నదని తెలిసినప్పుడే పాతవారు మాట వింటారు. వెళ్లగలిగినవాడు అడిగే లెక్కకూ, వెళ్లలేనివాడు అడిగే లెక్కకూ జవాబు ఒకలా రాదు. కూల్చమన్న మొదటి మాటను నేను ఆ మేరకు సవరించుకుంటాను, కాని మీ కొత్త సంఘం ముసాయిదా నిజమైనది కావాలి. ఉత్త బెదిరింపు అయితే వారం రోజుల్లో పసిగడతారు.

పునాదిరాయి:
మూడు వారాలైంది, జరిగినది చెబుతాను. లెక్కలమాస్టారు చెప్పినట్టు ఏడుగురం కూర్చుని కొత్త నియమావళి రాయబోయాం. మొదటి సాయంత్రమే ఇద్దరు, సభ్యత్వం అందరికీ తెరవాలా వద్దా అన్న దగ్గర విడిపోయారు. మిగిలిన అయిదుగురం రాసినదాన్ని పాతదానితో పోల్చి చూస్తే, అనవసరమని కొట్టేసిన కొన్నిటిని పక్కన పెడితే, కొత్తవి మూడు నిబంధనలే. పదవీకాలానికి పరిమితి, దరఖాస్తును అరవై రోజుల్లో తేల్చడం, లెక్కలను ఏటా సభ్యులందరికీ పంపడం. మిగతాదంతా మాకు తెలియకుండానే పాత నియమావళినే తిరగరాశాం, అక్షరయాత్రి గారు గుర్తుకు వచ్చారు.

ఈ మూడింటినీ సవరణలుగా పెట్టి ప్రత్యేక సమావేశం కోరుతూ సంతకాలు సేకరించాం. నమోదు కార్యాలయంలో దాఖలైన సభ్యుల జాబితా నకలు తీసుకుని చూశాం. అందులో చనిపోయినవారి పేర్లు చాలా ఉన్నాయి. వారిని కూడా కలుపుకుంటే మా సంతకాలు అయిదింట ఒక వంతుకు తొమ్మిది తక్కువ, తీసేస్తే పదకొండు ఎక్కువ. పేర్లు తొలగించాలంటే కార్యవర్గ తీర్మానం కావాలని కార్యదర్శి రాతపూర్వకంగా జవాబిచ్చారు.

సాక్షిసంతకం:
రాతపూర్వకంగా ఇచ్చారా? ఆ లేఖను భద్రపరచండి. సభ్యుడు మరణించిన రోజునే సభ్యత్వం ముగుస్తుందని మీ నియమావళిలో నిబంధన ఉందేమో చూడండి. ఉంటే తీర్మానం అవసరం లేదు, మరణ ధ్రువపత్రాల నకళ్లు జతచేసి సమావేశ అభ్యర్థనను మళ్లీ దాఖలు చేయవచ్చు.

పునాదిరాయి:
ఉంది, ఆరవ నిబంధన. మేము తిరగరాసినప్పుడు అనవసరమని కొట్టేసినవాటిలో అదొకటి.